తీగల పక్క ఇల్లు

ఇల్లు చూడగానే ఖైరున్నీసాకి నచ్చింది. తలెత్తి పైకి చూసేదాకా నచ్చింది.

చిలకలూరిపేట దాటి నరసరావుపేట రోడ్డు మీద కొంచెం ముందుకు పోతే, పత్తిచేల అంచున నాలుగైదు ఇళ్లు విడివిడిగా ఉంటాయి. వాటిలో చివరిది బాపయ్యది. రెండు గదుల డాబా, ముందు వెడల్పాటి వరండా, ఓ పక్క బావి, వెనక రేకుల వంటిల్లు. ఇంటికంటే ఇంటి చుట్టూ ఉన్న ఖాళీయే ఎక్కువ. ఖైరున్నీసా వంటింట్లోకి వెళ్లి పొయ్యిగట్టు మీద చెయ్యి వేసి చూసింది. బావిలోకి తొంగి చూసింది. వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి, మళ్లీ వెనక్కి నడిచింది. ఒకచోట నిలబడి చూడటం ఆమెకి చేతకాదు.

"ఈ పక్క జాగా ఎవరిదండీ? రేపు వాళ్లెవరన్నా మేడ లేపితే మనకి ఎండ ఆగిపోద్దిగా?" అని అడిగింది.

ఎండ గురించి అడగడానికి కారణం ఉంది. ఆమె భర్త ఇమాం హుస్సేన్ పరుపులు కుట్టేవాడు. వాళ్లది తాతల నాటి నుంచీ దూదేకే కుటుంబం. వెనకటి విల్లు పోయి ఇప్పుడు మిషను వచ్చింది కానీ, ఎండ అవసరం మాత్రం పోలేదు. బాగా ఎండితేనే దూది పొంగుతుంది, పొంగితేనే పరుపు పరుపులా ఉంటుంది.

"లేపరమ్మా. లేపనివ్వరు కూడా" అన్నాడు బాపయ్య, వేలు పైకి చూపించి.

అప్పుడు వరండా దిగి చూసింది. ఖాళీ జాగా మీదుగా, ఇంటి ప్రహరీకి కాస్త అవతలగా, లావుపాటి తీగలు వరసగా వేలాడుతూ పోతున్నాయి. ఇటు చేలో ఒక ఇనుప టవరు, అటు కొండవీటి కొండల వైపు ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి. చేతులు చాచి నిలబడ్డ మనుషుల్లా ఉన్నాయి. తీగల నీడలు పత్తి మొక్కల మీద గీతలు గీసినట్టు పడ్డాయి. ఖైరున్నీసా పమిట చెంగు తల మీదికి లాక్కుని వరండాలోకి వచ్చేసింది.

"పెద్ద లైనులే. ఇంటి మీద నుంచి కాదుగా, పక్క నుంచి పోతోంది" అన్నాడు ఇమాం హుస్సేన్. అతని చూపు ఇంకా ఆ ఖాళీ మీదే ఉంది. అక్కడ ఎన్ని పరుపుల దూది ఎండబెట్టుకోవచ్చో మనసులో లెక్క వేసుకుంటున్నాడని ఆమెకి తెలుసు.

ఆ ఇల్లు వాళ్లకి అందే ధరలో ఉండటానికి కారణం కూడా ఆ తీగలే. బాపయ్య దాచలేదు. కనిగిరి దగ్గర అన్నగారు పోయి పొలం చూసే దిక్కు లేకుండా పోయిందనీ, భార్యాభర్తలిద్దరూ అక్కడికి వెళ్లిపోతున్నామనీ చెప్పాడు. "తీగలు లేకపోతే ఈ ఇల్లు మీదాకా రాదు" అని నవ్వాడు.

రెండువేల మూడో సంవత్సరం మొదట్లో జరిగిందిది. అప్పటికి వాళ్లు చిలకలూరిపేటలో పిచ్చయ్య ఇంటి కింది భాగంలో అద్దెకుంటున్నారు. దూది పని చేసేవాళ్లకి ఇల్లు దొరకడమే కష్టం, దొరికినా నిలవదు. మిషను తిరిగినప్పుడల్లా సన్నని దూది నూగు లేచి మెట్ల మీద, ఆరేసిన బట్టల మీద, పై వాళ్ల అన్నం గిన్నెల మీద వాలుతుంది. కిటికీలు మూసేస్తే నూగంతా గదిలోనే తిరుగుతుంది. అందుకే ఎక్కడా గట్టిగా మూడేళ్లు ఉన్నది లేదు. పిచ్చయ్య మంచివాడే. గొడవ పడకుండానే చెప్పాడు. "మా కోడలికి ఆయాసం ఎక్కువైంది, ఇమాం. ఉగాదికల్లా ఇంకో ఇల్లు చూసుకో. నన్ను తప్పు పట్టమాక."

ఇన్నిసార్లు సామాను మోసిన ఖైరున్నీసా ఈసారి మాత్రం అద్దె ఇంటికి పోనని మొండికేసింది. పైగా కూతురు హీనా తొలికాన్పుకి రావాలి. హీనాని ఒంగోలులో లారీ మెకానిక్ యూసుఫ్‌కి ఇచ్చి చేశారు. ఏడో నెల పడగానే తీసుకొస్తామని అత్తగారికి మాటిచ్చి వచ్చారు. సామాను మధ్య, ఖాళీ చెయ్యమనే మాటల మధ్య బిడ్డకి పురుడెట్టా పోస్తాం?

అందుకని ఆ ఇల్లు కావాలి. అందుకనే ఆ ఇల్లు వద్దనిపించింది కూడా.

ఆ రోజు నుంచి ఆమెకి కాలు ఒకచోట నిలవలేదు. పప్పు పొయ్యి మీద పెట్టి వీధిలోకి వచ్చేది. వీధిలో ఎవరితోనో మాట్లాడుతూ మధ్యలో వదిలేసి లోపలికి పోయేది. దిండు గలీబు సగం కుట్టి ఇంకోటి మొదలు పెట్టేది. ఏ పని చేస్తున్నా ఎవరినో ఒకరిని అడగాలనిపించేది. అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు.

ఎదురింటి కోటేశ్వరి మిరపకాయలకి తొడిమలు తీస్తూ, "కడుపుతో ఉన్నోళ్లు ఆ లైన్ల కింద తిరగకూడదంట వదినా. మా చెల్లెలి ఊళ్లో ఒకామెకి అట్టాగే కడుపు పోయిందంట" అంది.

"లైను వల్లే పోయిందంటనా?"

"అట్టాగే అన్నారు మరి. నేను చూశానా? ట్యూబులైటు చేత్తో పట్టుకుని కింద నిలబడితే దానంతటదే వెలుగుద్దంట. లైటే వెలిగితే మనిషికేమీ కాదా?"

ఆ ట్యూబులైటు మాట ఖైరున్నీసా మనసులో దిగబడిపోయింది. తీగ తగలకుండా, స్విచ్ లేకుండా వెలిగే లైటు. హీనా కడుపులో బిడ్డ గుర్తొచ్చింది.

ఇమాం హుస్సేన్‌ని అడిగితే, "నీ ఇష్టమే" అనేవాడు. "నీకు కుదురుగా ఉంటే తీసుకుందాం, లేకపోతే మానేద్దాం."

"నీకెట్టా ఉంది చెప్పవయ్యా, నా మీద పెడతావేంది?"

"నాకు బాగుంది. కానీ నువ్వు రోజూ పైకి చూసి గుండెలు బాదుకుంటే ఆ బాగు ఎందుకు?" అని దగ్గుతూ మిషను వేసేవాడు. మిషను మోతలో ఇక మాట వినపడేది కాదు.

బాపయ్య ఇంటికి ఆమె ఒక్కతే మళ్లీ వెళ్లింది. ఒకసారి ఎండపొద్దున, ఇంకోసారి సందెవేళ. మూడోసారి వెళ్లేటప్పటికి మంచు దట్టంగా పట్టి ఉంది. పత్తిచేను కనపడటం లేదు. టవరు నడుము దాకా ఉండి, పైన లేనట్టే ఉంది. తీగలు అసలే కనపడలేదు గానీ వినపడ్డాయి. కాగిన నూనెలో తడి చెయ్యి విదిలించినట్టు చిటపటమని చప్పుడు. ఆగకుండా, ఎక్కువ తక్కువ లేకుండా, తల మీద ఎక్కడి నుంచో.

బాపయ్య భార్య సుబ్బరావమ్మ పేడకళ్లు ఎత్తుతూ ఆమెని చూసి, "మళ్లీ వచ్చావా అమ్మాయ్? రా" అని వరండాలో పీట వేసింది. ఖైరున్నీసా కూర్చోలేదు.

"ఈ చప్పుడు రోజూ ఉంటదా అండీ?"

"మంచు పడ్డప్పుడు, వాన పడ్డప్పుడు ఉంటది. ఎండెక్కితే పోద్ది. కొత్తలో నాకూ గుండె దడదడలాడేది. ఇప్పుడు ఆ చప్పుడు ఉందో లేదో ఎవరన్నా అడిగితేనే వింటా."

"ఎన్నేళ్లయిందండీ మీరొచ్చి?"

"మా గేదె దూడగా ఉన్నప్పుడొచ్చాం. ఇప్పుడు అది ముసలిదైంది." సుబ్బరావమ్మ ఏదో చెప్పాలా వద్దా అని తటపటాయించినట్టు కనిపించింది. తరవాత చెప్పేసింది. "అదుగో, ఆ దండెం చూశావా? కొబ్బరితాడు. ముందు ఇనుప తీగ కట్టాం. తడిబట్టలు ఆరేస్తుంటే చేతికి చీమ కుట్టినట్టు చురుక్కుమనేది. మా ఆయన తీసేసి తాడు కట్టాడు. అంతే. ఇంకే ఇబ్బందీ లేదు. నీకు అబద్ధం చెప్పి అంటగట్టి పోతే నాకేం ఒరుగుద్ది?"

ఆమె అబద్ధం చెప్పలేదని ఖైరున్నీసాకి తెలుసు. అందుకే ఇంకా భయమేసింది. తిరిగి నడిచొస్తుంటే దారి పొడుగునా చేతివేళ్లు రుద్దుకుంటూనే ఉంది.

బక్రీదు వెళ్లాక హీనా వచ్చింది. కాళ్లు వాచి, మొహం పాలిపోయి ఉంది. కూతుర్ని చూశాక తల్లి ఇంకా ఆగలేకపోయింది. మర్నాడే కరెంటాఫీసుకి వెళ్లింది. అక్కడి ఇంజినీరు కుర్రవాడు ఆమె మాట పూర్తిగా విన్నాడు. ఇల్లు ఎక్కడో అడిగి, గోడ మీది పటంలో చూసి, ఓ కాగితం మీద టవరు, తీగలు, ఇల్లు గీసి చూపించాడు.

"మీ ఇల్లు లైను కింద లేదమ్మా, ఉండాల్సినంత దూరంలోనే ఉంది. లైను కింద మాత్రం ఏమీ కట్టకండి. ఇనుప తీగలు లాగకండి. పొడుగు గెడలు ఎత్తకండి. ఇవి పాటిస్తే చాలు."

"మరి కడుపుతో ఉన్నోళ్లకి?"

అతను పెన్ను కింద పెట్టాడు. "అది నేను చెప్పేది కాదు. డాక్టర్ని అడగండి. నన్నడిగితే, నేను సబ్‌స్టేషన్ క్వార్టర్లలోనే ఉంటున్నా, మా పిల్లలతో సహా."

డాక్టరమ్మ హీనాకి పరీక్ష చేస్తూ విన్నది. "దాని మీద విదేశాల్లో చాలా పరీక్షలు చేసి చూశారు. ఇంత దూరాన చెడు చేస్తుందని గట్టిగా తేలలేదు. అసలు ఏమీ చెయ్యదని ఒట్టు వెయ్యమంటే నేను వెయ్యలేను. మీ అమ్మాయికి రక్తం తక్కువగా ఉంది. నాకు ఆ దిగులు ఎక్కువగా ఉంది. ముందు మాత్రలు వేయించండి, ఆకుకూరలు పెట్టండి" అంది.

మిగతా మాటలన్నీ గాలికి పోయి, ఒట్టు వెయ్యలేను అన్న ఒక్క మాట ఖైరున్నీసా వెంట ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే భర్తతో, "వద్దయ్యా. ఆ ఇల్లు మనకొద్దు" అంది. అతను కుడుతున్న పరుపు మీద నుంచి తలెత్తి ఆమె వంక చూశాడు. దబ్బనం మళ్లీ గుచ్చాడు.

మరి పురుడు ఎక్కడ? దానికీ ఆమే దారి ఆలోచించింది. పిడుగురాళ్లలో అక్క రహిమున్నీసా ఉంది. సొంతిల్లు, ఆసుపత్రి దగ్గర. కాన్పు అయ్యేదాకా హీనాని అక్కడుంచి, ఈలోపు తాపీగా ఇంకో ఇల్లు చూసుకోవచ్చు. బస్సెక్కేముందు ఆటోలో బాపయ్య ఇంటి దాకా పోయి, ఆ ఇల్లు తీసుకోవటం లేదని చెప్పి మరీ వెళ్లింది. ఆయన, "సరేనమ్మా, మిర్చియార్డు వాళ్లెవరో అడుగుతున్నారు, వాళ్లకి చెప్తా" అన్నాడు. గుండె తేలికపడుతుందనుకుంది. నరసరావుపేటలో బస్సు మారేటప్పటికి కూడా పడలేదు.

బస్సులో హీనా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పిడుగురాళ్ల రాకముందే పొగ కనపడింది. సున్నపు బట్టీల పొగ. రహిమున్నీసా ఇల్లు బట్టీలకి దూరమేమీ కాదు. ఆమె భర్త బుడే సాహెబ్ అక్కడే మేస్త్రీ. వేపచెట్టు ఆకులు సున్నపు దుమ్ముతో తెల్లగా ఉన్నాయి. అరుగు తెల్లగా ఉంది. రహిమున్నీసా చెల్లెల్నీ హీనానీ కౌగిలించుకుని లోపలికి తీసుకెళ్లి అన్నాలు పెట్టింది. కంచాలు పెట్టేముందు తుడిచింది. ఖైరున్నీసా తన కంచాన్ని పమిటతో ఇంకోసారి తుడిచింది. హీనాదీ తుడిచింది.

రహిమున్నీసా అది చూసి నవ్వింది. "ఎంత తుడిచినా అంతేనే. మీ బావ ఊపిరి తీస్తే కొలిమితిత్తి కొట్టినట్టు ఉంటది వినపడటం లా? ఇక్కడ పుట్టిన పిల్లలు ఎనిమిదిమంది మా వీధిలోనే ఆడుకుంటున్నారులే, భయపడమాక."

లోపలి గదిలో బుడే సాహెబ్ మంచం మీద పడుకుని ఉన్నాడు. నిజంగానే ఆ ఊపిరి వంటింట్లోకి వినపడుతోంది. హీనా ఒకసారి దగ్గింది. మళ్లీ దగ్గింది. ఖైరున్నీసా లేచి కిటికీ మూసింది. ఉక్కగా ఉందని తీసింది. పొగ వస్తోందని మళ్లీ మూసింది.

"కూర్చోమ్మా" అంది హీనా. తరవాత గొంతు పెంచి, "కూర్చో!" అంది.

ఖైరున్నీసా కూర్చుంది.

"మా అమ్మ ఇంటికి పురిటికి పోతున్నానని మా అత్తకి చెప్పి వచ్చా. నువ్వు తెచ్చి పెద్దమ్మ మీద పడేశావు."

"నీ మంచికేగా హీనా."

"నా మంచి నన్నడిగావా? ఇంజినీరుని అడిగావు. డాక్టరమ్మని అడిగావు. కోటేశ్వరత్తని పదిసార్లు అడిగావు. ఆ ఇల్లు నాకెట్టా ఉందని ఒక్కసారన్నా అడిగావా?"

"నువ్వు చూళ్లేదుగా."

"చూశా. నువ్వు కరెంటాఫీసుకి పోయిన రోజున నాన్న తీసుకెళ్లాడు. చెప్తే నువ్వు గోల చేస్తావని చెప్పలా."

ఖైరున్నీసాకి ఒక్కసారి ఒళ్లు మండింది. "కడుపుతో ఉన్నదాన్ని ఆ తీగల కిందకి..."

"కింద కాదు, వరండాలో కూర్చున్నా. నాన్న చేతిపని కూడా తెచ్చుకున్నాడు, ఆ వరండాలో వెలుతురు ఎంతసేపుంటదో చూద్దామని. పరుపుకి అంచు కుట్టాడు. సుబ్బరావమ్మగారు మజ్జిగ ఇచ్చారు. నాన్న ఆ అంచు మొత్తం కుట్టేదాకా దగ్గలేదమ్మా. ఒక్కసారి కూడా! నాకు ముందు తెలియలేదు, ఏంది ఇంత నిశ్శబ్దంగా ఉందని చూస్తే అదీ సంగతి. నూగు లేచింది లేచినట్టే గాలికి చేల మీదికి పోతోంది. పిచ్చయ్యగారి గదిలో గోడ పట్టుకుని దగ్గే మనిషి, అక్కడ కూర్చుని పాట పాడుకున్నాడు."

ఖైరున్నీసా ఇన్నిసార్లు ఆ ఇంటికి పోయి పైకే చూసింది. భర్త అక్కడ ఎట్టా కూర్చున్నాడో, ఎట్టా ఊపిరి పీలుస్తున్నాడో చూడలేదు.

హీనా గొంతు తగ్గించింది. "నేను పుట్టింది దూది కుప్పల మధ్యేగా. బడికి పోయేదాకా చలికాలం వస్తే నాకు ఆయాసం. నన్ను ఒళ్లో నిలబెట్టుకుని వీపు రాసేదానివి. అప్పుడు నీకు ఆ దూదికి భయపడి ఏ ఇల్లన్నా మానేద్దామనిపించిందా?"

అనిపించలేదు. మిరియాల కషాయం కాచింది, ఆవిరి పట్టించింది, తాయెత్తు కట్టించింది. దూదిని మాత్రం ఎప్పుడూ వేలెత్తి చూపించలేదు. అది అన్నం పెట్టేది, ఇంట్లోదే, తెల్లగా మెత్తగా కనపడేది. దానికి భయపడాలని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేది కాదేమో.

"ఆ తీగలు ఏమీ చెయ్యవని నేననటం లేదు" అంది హీనా. "నాకూ తెలియదు. కానీ ఈ పొగ చేస్తది, ఆ దూది చేస్తది. ఈ రెండూ తెలుసు. నేనిక్కడ కనను. మనింట్లో కంటా, లేకపోతే ఒంగోలు పోతా."

రహిమున్నీసా గడప దగ్గర నిలబడి అంతా వింది. నొచ్చుకుంటుందేమోనని ఖైరున్నీసా భయపడింది గానీ, ఆమె చేతులు తుడుచుకుంటూ, "తీసుకుపోవే. నాకు మాత్రం దాని బిడ్డని చూడాలని ఉండదా? కానీ అది చెప్పింది తప్పు కాదు" అంది.

మర్నాడు మొదటి బస్సుకే బయలుదేరారు. ఈసారి ఖైరున్నీసాకి వేరే భయం పట్టుకుంది. బాపయ్యకి వద్దని తనే చెప్పి వచ్చింది. మిర్చియార్డు వాళ్లు బజానా డబ్బు ఇచ్చేసుంటే? బస్సు ఆగిన ప్రతిచోటా డ్రైవరు వంక చూసింది. నరసరావుపేటలో టీ తాగడానికి దిగిన కండక్టర్ని, "ఇంకా ఎంతసేపయ్యా?" అని అరిచింది. హీనా నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది.

బాపయ్య ఇంటి ముందే దిగారు. రోడ్డు పక్కన ఒక జీపు ఆగి ఉంది. వరండాలో నలుగురు మనుషులు. తెల్లచొక్కా ఆయన గోడలు తట్టి చూస్తున్నాడు. ఆయనే మిర్చియార్డు వ్యాపారి. పక్కన తాపీమేస్త్రీ. సుబ్బరావమ్మ ఖైరున్నీసాని చూసి, వచ్చిన వాళ్లకి కనపడకుండా, ఏం చెయ్యను అన్నట్టు చేతులు తిప్పింది. ఖైరున్నీసా కూతుర్ని నీడన నిలబెట్టి, తను రోడ్డుకీ గేటుకీ మధ్య తిరగసాగింది. లోపలికి పోయి అడగడానికి ముఖం చెల్లలేదు. వెళ్లిపోవడానికి కాళ్లు రాలేదు.

వ్యాపారికి ఇల్లు నచ్చినట్టే ఉంది. బాపయ్యతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. అప్పటిదాకా జీపులో కూర్చున్న ఆయన తల్లి, పెద్దావిడ, కర్ర పట్టుకుని దిగింది. రెండడుగులు వేసి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది.

"ఏందిరా ఇవి?"

"కరెంటు తీగలమ్మా. పక్క నుంచి పోతున్నాయిలే."

"నేనుండను" అంది పెద్దావిడ. వెనక్కి తిరిగి జీపెక్కి కూర్చుంది. కొడుకు వచ్చి బతిమాలాడు. మేస్త్రీ కూడా వచ్చి ఏదో చెప్పబోయాడు. ఆమె చెవిన పెట్టలేదు. కాసేపటికి జీపు వెళ్లిపోయింది.

ఖైరున్నీసాకి సంతోషం వేసింది, వెంటనే సిగ్గూ వేసింది. నిన్నటిదాకా తను అన్న మాటలే ఆ పెద్దావిడ అన్నది.

బాపయ్య గేటు దగ్గరికి వచ్చాడు. "ఏమ్మా, నువ్వు పిడుగురాళ్ల పోలేదా?"

"పోయి వచ్చామండీ. ఇల్లు మేం తీసుకుంటాం."

"రేపు మళ్లీ మారుస్తావా?"

"మార్చనండీ. భయం పోయి కాదు. భయం ఉంది. ఉన్నా తీసుకుంటాం."

బాపయ్య ఆమెని ఎగాదిగా చూసి, "మీ ఆయనకి కబురు పంపు" అన్నాడు.

ఉగాది ముందే ఆ ఇంట్లో దిగారు. ఖైరున్నీసా తన మాట మీద నిలబడింది గానీ ఊరుకోలేదు. హీనా మంచం తీగలకి దూరంగా ఉన్న గదిలో వేయించింది. మిషను కోసం ఇంటికి తీగలు లేని వైపు, గాలి వాలు చూసి తాటాకు పందిరి వేయించింది. లైను వైపు గెడలెత్తొద్దని వచ్చిన కూలీలకి చెప్పిందే చెప్పింది. కొబ్బరితాడు పాతబడిందని కొత్తది కట్టించింది. ఇమాం హుస్సేన్ దేనికీ అడ్డు చెప్పలేదు. అతని దగ్గు పూర్తిగా పోలేదు. పాతికేళ్ల నూగు ఒక్కసారిగా ఎక్కడికి పోతుంది? కానీ మధ్య మధ్య తెరిపి ఇచ్చింది. దగ్గు ఎప్పుడు తెరిపిస్తోందో ఖైరున్నీసా ఇప్పుడు వింటోంది.

ఎండలు ముదిరాక హీనాకి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. కాస్త బరువు తక్కువ. బరువు తక్కువ అనగానే ఖైరున్నీసాకి తీగలే గుర్తొచ్చాయి. డాక్టరమ్మ ఆమె మొహం చూసి, అడక్కుండానే, "రక్తం తక్కువగా ఉన్న తల్లికి ఇంతకంటే బరువు పిల్ల పుట్టదు. పాలు బాగా పట్టిస్తే నెలకల్లా పుంజుకుంటుంది" అంది. నెల దాటాక పుంజుకుంది కూడా. ఐషా అని పేరు పెట్టుకున్నారు.

తొలకరి వాన పడ్డ సాయంత్రం తీగలు మొదలుపెట్టాయి. చిటపట, చిటపట. ఖైరున్నీసా పిల్లని ఎత్తుకుని ఆ గదిలోంచి ఈ గదిలోకి, ఈ గదిలోంచి వంటింట్లోకి, చప్పుడు తక్కువగా ఉన్న చోటు కోసం వెతుకుతూ తిరిగింది. వంటింటి రేకుల మీద వాన ఇంకా గట్టిగా మోగింది.

"దాన్ని పడుకోబెట్టమ్మా, నీ ఊపుడికే నిద్రపోవటం లేదు" అంది హీనా.

పడుకోబెట్టింది. పిల్ల ఒకసారి కాళ్లు తన్నుకుని, గుప్పిట నోట్లో పెట్టుకుని నిద్రపోయింది. ఖైరున్నీసా పక్కన కూర్చుని పిల్ల పొట్ట లేచి పడటం చూస్తూ ఉంది. వాన వెలిసింది. చప్పుడు ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు.

బాగా వానలు పడి చేలో పత్తిమొక్కలు మోకాలెత్తు వచ్చాక, యూసుఫ్ వచ్చి భార్యనీ బిడ్డనీ తీసుకెళ్లాడు. పరుపు, దిండు, చిన్న బొంత, అన్నీ ఇమాం హుస్సేన్ తన చేతుల్తో కుట్టి పెట్టాడు. హీనా ఏడుస్తూ వెళ్లింది. ఖైరున్నీసా ఏడవకుండా పంపించి, లోపలికి వచ్చి ఖాళీ ఉయ్యాలని చూసి ఏడ్చింది.

మర్నాటి నుంచి ఇల్లు మరీ పెద్దదైపోయింది. ఇన్నేళ్లకి తనది అన్న ఇల్లు, ఇంత గాలి, ఇంత ఎండ, అందులో ఇద్దరే మనుషులు. ఖైరున్నీసా వరండాలో అటూ ఇటూ తిరుగుతూ రోడ్డు వైపు చూసేది. బస్సు ఆగితే గేటు దాకా పోయేది. పత్తిచేలో పనిచేసే ఆడవాళ్లు మంచినీళ్లకి వస్తే కూర్చోబెట్టి మనవరాలి సంగతులు చెప్పేది. ఒకామె పైకి చూసి, "ఈ తీగల పక్కన ఎట్టా ఉంటున్నావు అక్కా, భయం లేదా?" అని అడిగితే, "ఉందమ్మా" అని, మళ్లీ ఐషా పేరే ఎత్తింది.

ఒకరోజు పొద్దున్నే రోడ్డు మీది ఎస్టీడీ బూత్ అతను వచ్చి, ఒంగోలు నుంచి ఫోనొచ్చిందని చెప్పాడు. పరుగున వెళ్లింది. అటు యూసుఫ్.

"ఏం లేదత్తయ్యా, పాపకి జలుబు చేసింది. హీనా చెప్పమంది. డాక్టరు చుక్కలమందు ఇచ్చాడు."

"ముక్కు బిగిసిందా? పాలు తాగుతోందా? జ్వరం ఉందా? మీ గదికి కిటికీ తెరుస్తున్నారా? మీ షెడ్డు పొగ ఇంట్లోకి రావటం లేదుగా?"

"ఒక్కొక్కటీ అడుగు అత్తయ్యా" అని నవ్వాడతను. "పాలు తాగుతోంది. నవ్వుతోంది కూడా."

ఖైరున్నీసా ఇంటికొచ్చి చీర మార్చుకుంది. సంచిలో మిరియాల పొట్లం, వాము, ఉతికిన పాత చీర ముక్కలు పెట్టుకుంది. ఇమాం హుస్సేన్ పందిరి కింద మిషను ఆపి చూశాడు. అతని మీసాల మీద, కనుబొమల మీద తెల్లగా నూగు అంటుకుని ఉంది.

"ఎటే?"

"ఒంగోలు."

"జలుబేగదే!"

"జలుబే. అన్నం వండి మూతేశా. మజ్జిగ దుత్తలో ఉంది. మిషను వేసేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకో, నేను లేనని మానేస్తావు నువ్వు" అని చెప్తూనే గేటు దాటింది. దూరంగా పేట వైపు పోయే ఆటో వస్తోంది. అది ఇక్కడ ఆగుతుందో లేదోనని, చెయ్యి ఊపుకుంటూ రోడ్డు మధ్యకి వెళ్లి నిలబడింది.